తీసినోడే పెట్టాలె

ఇంట్లో ఎలక్ట్రీషియన్ ఉండగా బయటి నుంచి ఇంకో ఎలక్ట్రీషియన్ని పిలిపించారంటే, ఆ ఇంటివాణ్ణి నలుగురిలో చెప్పుతో కొట్టినట్టే. మొన్నటి ఎండాకాలం, ఏప్రిల్ రెండో వారంలో, నా తమ్ముడు ప్రశాంత్ నన్ను అలా కొట్టాడు.

నా పేరు కిషన్. గోదావరిఖనిలో పదహారేళ్లుగా ఇళ్లకు వైరింగ్ చేస్తున్నాను. మా బాపు సదయ్య ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో కరెంటు పని చేసి, నడుము చెడి, అన్‌ఫిట్ అయి ఇంటికొచ్చాడు. ఆయన ఉద్యోగం ఇద్దరు కొడుకుల్లో ఒకడికి రావాలి. ఐటీఐ చదివింది నేను. డ్యూటీ ఎక్కింది వాడు. "నీ చేతుల పనుంది, ఎట్లన్న బతుకుతవ్. వానికేమొస్తది?" అన్నాడు బాపు. అంటే పని నేర్చుకోవడమే నా తప్పయింది. ఆ మాట ఈనాటికీ నాకు మింగుడుపడలేదు.

కమాన్‌పూర్ రోడ్డులో బాపు కట్టిన ఇంట్లోనే ఉంటాం అందరం. తూర్పు పోర్షన్ నాది, పడమటిది వాడిది, మధ్యలో బాపు గది. వరండా ఒకటే, గేటు ఒకటే. మీటర్లు మాత్రం రెండు. వరండా గోడకు రెండు కరెంటు బోర్డులు పక్కపక్కనే ఉంటాయి. మేమిద్దరం మాట్లాడుకోకపోయినా అవి అలా ఆనుకునే ఉండేవి.

కాంపౌండు గోడ మీద నాలుగు లైట్లు, గేటు పిల్లర్ మీద ఒకటి. అవి బాపు ముచ్చటపడి పెట్టించుకున్నవి. "ముప్పై నాలుగేండ్లు నెత్తి మీద దీపం మోసుకుంట తిరిగిన. ఇప్పుడు నా ఇంటి ముందట దీపం నేను మొయ్యకుంట వెలగాలె" అన్నాడు. అందుకని అయిదింటినీ నా బోర్డుకే కలిపి టైమర్ పెట్టాను. సాయంత్రం ఆరున్నరకు టక్కుమని దానంతటదే వెలుగుతుంది, తెల్లారి ఆరింటికి ఆరిపోతుంది. బాపు రోజూ ఆరుంబావుకే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, అది వెలిగే నిమిషం చూడడానికి.

గొడవ ఎక్కడ మొదలైందంటే, గేటు లైటు వెలుతురు వాళ్ల కిటికీలోంచి పడుతోందట, పిల్లవాడికి నిద్ర పట్టడం లేదట. ప్రశాంత్ భార్య సంధ్యారాణి మర్యాదగానే చెప్పింది. "బావ, పది గొట్టంగనే ఆరేటట్టు పెట్టరాదు?" అంది.

"పర్ద కట్టుకోండ్రి" అన్నాను.

మర్యాదగా అడిగినదానికి అలా అనకూడదు. తెలిసే అన్నాను. లోపలి నుంచి ప్రశాంత్ వచ్చాడు. "మా దిక్కు లైట్లు మా ఇష్టం. నీ దయ మాకేం అక్కర లేదు" అన్నాడు.

ఆదివారం పొద్దున రఘుపతి వచ్చాడు. వాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. నన్ను చూసి నిచ్చెన ఎక్కడ దాచాలో తెలియలేదు వాడికి. "కిషనన్నా, ఏమనుకోకు. పిలిచిండు, వచ్చిన" అన్నాడు. వరండాలో కూర్చుని, వాడు నేను వేసిన వైరు కోస్తుంటే చూస్తూ, చాయ్ మొత్తం తాగాను. గేటు లైటు, పడమటి వైపు రెండు లైట్లు ప్రశాంత్ బోర్డు కిందికి పోయాయి. దానికి కొత్త టైమర్, ఏడు నుంచి పది వరకు. పక్కింటి లింగవ్వ గోడ మీంచి తొంగిచూసి, "అయ్యో, ఇంట్ల కిషన్ ఉండంగ వీడెవడు బిడ్డ?" అంది. ఆ ముసలిదాని గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది.

మరునాడు మధ్యాహ్నం ఎండకు కుక్క కూడా రోడ్డు మీదికి రాని వేళ, నేను గేటు పిల్లర్ ఎక్కాను. రఘుపతి కోసి వదిలిన నా వైరు చివర ఇంకా పిల్లర్ మీద వైర్లు కలిపే చిన్న డబ్బాలోనే ఉంది. దాన్ని మళ్లీ కలిపేశాను. పది నిమిషాల పని. ఇప్పుడు ఆ మూడు లైట్లకు కరెంటు రెండు దారుల్లో వస్తుంది. వాడి టైమర్ పదింటికి ఆపినా, నా టైమర్ తెల్లవార్లూ వెలిగిస్తుంది. వాడు స్విచ్చి ఆపినా ఆరవు, ఫ్యూజు పీకినా ఆరవు.

ఇలాంటి పని ఇంకెవడైనా చేస్తే వాడి చేతిలో టెస్టర్ లాక్కుని మళ్లీ పనిలోకి రానిచ్చేవాణ్ణి కాదు. ఒక లైనుకు రెండు వైపులా కరెంటు ఉంటే, ఒకవైపు ఆపినవాడు ఆగిందనుకుంటాడు. ఆగదు. మొదటి నెలలోనే పిల్లలకు నేర్పే పాఠం అది. నాకు తెలియక కాదు. వాడు బిత్తరపోతుంటే చూడాలనిపించింది, అంతే.

చూశాను కూడా. రెండు రోజులు వాడు స్విచ్చి వేసి తీసి, వేసి తీసి తలపట్టుకున్నాడు. రఘుపతి వచ్చి టైమర్ మార్చాడు, చెమటలు తుడుచుకుని పోయాడు. నేను గదిలో కూర్చుని కడుపుబ్బ నవ్వుకున్నాను. నా భార్య మమత అనుమానంగా చూసింది. "ఏం జేసినవయ్యా?" అంది. "నేనేం జేస్త? రఘుపతిని పిలిచిన మొగోనికే తెలవాలె" అన్నాను.

కానీ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. బాపు ఆ లైట్లు చూసి మురిసిపోయాడు. "చిన్నోడు నా మాట మన్నించిండు. తెల్లారేదాక వెలిగేటట్టు మళ్ల జేయించిండు" అని లింగవ్వతో గొప్పగా చెప్పాడు. ప్రశాంత్ పక్కనే ఉన్నాడు. కాదనలేదు. "నీకోసమే బాపు" అన్నాడు, నా వైపు చూస్తూ. నా కరెంటుతో వెలిగే లైటుకు మెప్పు వాడికి. నోరు తెరిచి అది నాది అని చెప్పుకోలేను. ఒళ్లు మండిపోయింది. మే నెలంతా వాడు కనబడితే నేను ఉమ్మేసేవాణ్ణి, నేను కనబడితే వాడు తలుపు వేసేవాడు. మమత, సంధ్య నల్లా దగ్గర బిందెలు కొట్టుకునేలా పెట్టేవాళ్లు. వాళ్ల పిల్లవాడు మా గడప తొక్కితే సంధ్య రెక్క పట్టుకుని లాక్కుపోయేది.

బాపు అలవాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. బాయిలో మోటరు బాగుచేసేవాడు ముందు ఫ్యూజు పీకి తన జేబులో వేసుకుంటాడు. పని అయ్యాక తన చేత్తోనే పెడతాడు. ఇంకెవడూ ముట్టకూడదు, పెద్ద దొర వచ్చినా సరే. తీసినోడే పెట్టాలె. ఒకసారి బాపు జేబులో ఫ్యూజుతోనే అన్నానికి కూర్చుంటే, బొగ్గు మోసే బెల్టు గంటసేపు ఆగిపోయిందట. తిట్టుకుంటూ ఎదురుచూశారు కానీ ఎవరూ ఇంకో ఫ్యూజు పెట్టలేదట. జేబులో ఆ తెల్ల పింగాణీ ముక్క ఉందంటే లైను మీద ఇంకా మనిషి ఉన్నట్టు లెక్క. ఇంట్లో బల్బు మార్చినా బాపు అలాగే చేసేవాడు. మేము నవ్వేవాళ్లం.

మే చివర ఒక రోజు గాలిదుమారం వచ్చి పోయింది. గేటు లైటు వంకర తిరిగి వేలాడుతోంది. సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి బాపు నిచ్చెన మీద ఉన్నాడు. నడుము బాగాలేని మనిషి. ప్రశాంత్ రెండో షిఫ్టుకు పోయాడు.

"కిషన్, చిన్న స్క్రూడ్రైవర్ ఇయ్యి బిడ్డ. ఇది పట్టుత లేదు" అన్నాడు.

నా సంచిలో మూడున్నాయి. "నీ చిన్న కొడుకు లైటే గద. వాణ్నే అడుగు" అన్నాను.

నేను చెప్పులు విడిచి లోపలికి పోయాను. నాకు గుర్తు రాలేదు. ఈ మాట ఎవరూ నమ్మరు, నేనే సగం నమ్మను, కానీ ఆ కోపంలో నాకు నా వైరు గుర్తు రాలేదు. మమత చాయ్ తెచ్చింది. గ్లాసు అందుకున్నాను. వరండాలో నా టైమర్ టక్కుమంది.

ఆ చప్పుడుతో గుర్తొచ్చింది. నేను లేచేలోపే అల్యూమినియం నిచ్చెన గచ్చు మీద పడింది.

బాపు కుడి అరచెయ్యి కాలింది. తల పగిలింది, అదే చెయ్యి రెండు చోట్ల విరిగింది. దవాఖానలో చొక్కా కత్తిరించి, ఒక కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. జేబు బరువుగా ఉంది. లోపల ప్రశాంత్ బోర్డు ఫ్యూజు. మనిషి పద్ధతి తప్పలేదు. ఎవరి లైనో చూసుకున్నాడు, ఫ్యూజు పీకాడు, జేబులో వేసుకున్నాడు. టెస్టర్ కూడా పెట్టి చూసే ఉంటాడు. అప్పుడు ఆరున్నర కాలేదు కాబట్టి అది వెలిగి ఉండదు.

ఆ ఫ్యూజు జేబులో దొరికితే, మరి కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు. అడిగితే పిల్లర్ ఎక్కుతారు. దుప్పటి తెస్తానని చెప్పి ఇంటికొచ్చాను. వరండాలో ఎవరూ లేరు. నా బోర్డులో బయటి లైట్ల ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. బాపు జేబులోని ఫ్యూజును ప్రశాంత్ బోర్డులో దాని చోట పెట్టేశాను. తర్వాత దుప్పటి తీసుకుని బండెక్కాను. ఎవరి మీదికో నెట్టాలని పెట్టలేదు. నా మీదికి రాకుండా ఉండాలని పెట్టాను. రెంటికీ తేడా ఉందని ఆ రోజు అనుకున్నాను.

డ్యూటీ నుంచి ప్రశాంత్ దవాఖానకు ఉరికొచ్చాడు. తర్వాత ఇంటికి పోయి బోర్డు చూశాడు. ఫ్యూజు ఉంది. టైమర్ చెడిందని ముందే నమ్మాడు కాబట్టి, అప్పటికి ఏడు కాలేదన్న లెక్క వాడికి రాలేదు. సంధ్యను వరండాలో నిలబెట్టాడు.

"మామనే పీకిండు. నాకు సూపెట్టి జేబుల ఏసుకున్నడు. నేనైతే ఏది ముట్టలే" అంది సంధ్య.

"జేబుల ఏసుకుంటే బోర్డుల ఎట్లుందే? దానంతటదే నడిసొచ్చిందా?"

"నాకెట్ల తెలుస్తది? నేను ముట్టలే అంటున్న గద!"

"ఫ్యాను వస్త లేదని పెట్టినవ్. నిజం జెప్పు."

మమత ఊరుకోలేదు. నెలన్నర కోపం ఉందామెకు. "ముసలాయన నిచ్చెన మీదుంటే కరెంటు ఏసినవ్. ఏం మనిషివే నువ్వు?" అంది. లింగవ్వ గోడ మీంచి చూస్తూనే ఉంది. తెల్లారేసరికి కమాన్‌పూర్ రోడ్డంతా పాకింది. కోడలు మామకు కరెంటు పెట్టిందట.

సంధ్య వరండా మెట్ల మీద ఉన్న నా వైపు తిరిగింది. "బావ, నువ్వు కరెంటు తెలిసినోనివి. నువ్వన్న చెప్పు. నేను ముట్టలే."

నేను తల దించుకుని బండి తాళం చెవి వెతుక్కున్నాను. నాకు సిగ్గేసింది. సిగ్గు వేసినా నోరు లేవలేదు.

మూడో రోజు ప్రశాంత్ ఆమెను, పిల్లవాణ్ణి శ్రీరాంపూర్‌లో వాళ్ల తల్లిగారింట్లో దింపి వచ్చాడు. బాపుకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, ఫికర్ పెట్టుకుంటాడని. నేను రోజూ దవాఖానకు పోయి బాపు నోట్లో అన్నం ముద్ద పెట్టేవాణ్ణి. ఆయన నమిలేటప్పుడు నన్నే చూసేవాడు. ఒకసారి, "నా అంగి ఏది?" అని అడిగాడు. "నెత్తురైంది, పారేసిన" అన్నాను. "జేబు సూసినవా?" అన్నాడు. "ఏం లేదు బాపు" అన్నాను. ఆయన ఇంకో ముద్దకు నోరు తెరవలేదు.

పిల్లర్ మీది నా వైరు అలాగే ఉంది. పట్టపగలు ఎక్కితే లింగవ్వ చూస్తుంది. ప్రశాంత్ తన లైట్ల స్విచ్చి ఆపేశాడు, నేను నా ఫ్యూజు పెట్టలేదు; బాపు దవాఖానలో ఉన్న పందొమ్మిది రోజులూ మా ఇంటి ముందు ఒక్క లైటూ వెలగలేదు. వెలిగించమని అడిగినవాళ్లూ లేరు.

మిరుగం కార్తె వచ్చి మొదటి వాన పడ్డ మరునాడు బాపును ఇంటికి తెచ్చాం. ఆటో దిగి, ప్రశాంత్ భుజం పట్టుకుని వరండా ఎక్కి, కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేరుగా బోర్డుల దగ్గరికి పోయాడు. చాలాసేపు చూశాడు.

"సంధ్య ఏది?"

ప్రశాంత్ నసిగాడు. చివరికి మొత్తం చెప్పాడు. బాపు విన్నాడు. ఎడమ చెయ్యి ఎత్తి ఆ తెల్ల ఫ్యూజును చూపించాడు.

"ఇది నేను తీసిన. ఆ పిల్లకు సూపెట్టే జేబుల ఏసుకున్న. తీసినోడే పెట్టాలె. నేనైతే పెట్టలే. నేను దవాఖానల పండుకున్న. ఎవరు పెట్టిన్రు?"

ప్రశాంత్ మమతను చూశాడు. మమత నన్ను చూసింది. బాపు ఎవరినీ చూడలేదు, బోర్డునే చూస్తున్నాడు. ఆయనకు దవాఖానలోనే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. ముద్ద పెట్టిన ప్రతిసారీ, చెప్తానేమోనని చూశాడన్నమాట.

"నేనే" అన్నాను. "గేటు పిల్లర్ల నా దిక్కు వైరు గూడ కలిసుంది."

ప్రశాంత్ నా గల్లా పట్టుకున్నాడు. నన్ను బోర్డుకేసి కొట్టాడు, రెండు సార్లు. నేను చెయ్యెత్తలేదు. మంచితనంతో కాదు, ఎత్తే ముఖం లేక. మమత అడ్డం రాలేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

"వాణ్ని విడువు" అన్నాడు బాపు. "నువ్వు తక్కువోనివా? లైట్లు నీకోసమే బాపు అన్నవ్. గవి ఎందుకు ఆరుత లేవో నీకు తెలుసా? తెలవదని ఒక్క మాటంటే, ఎక్కేముందు రెండు బోర్డులు చూసుకుందును గద. పో. పోయి సంధ్యను తీస్కరా. కాళ్లు మొక్కుతవో ఏం జేస్తవో, జల్ది తీస్కరా."

గోదావరి అవతలే శ్రీరాంపూర్. సాయంత్రం అయిదున్నరకు సంధ్య వచ్చింది. ప్రశాంత్ దారిలోనే చెప్పినట్టున్నాడు. ఏడవలేదు, అరవలేదు. పిల్లవాణ్ణి దించి, బాపు కాలిన చెయ్యి చూసి, కొంగు నడుముకు చుట్టి నిలబడింది. మనిషి సగమైంది. నేను ఏదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఆ వైరు తియ్యి" అన్నాడు బాపు నాతో. "ఇప్పుడే. అందరు సూడంగ."

నేను నా ఫ్యూజు గూడు ఖాళీగా ఉండడం చూసుకున్నాను. ఆ రోజు పీకిన నా ఫ్యూజు నా జేబులోనే ఉంది. ప్రశాంత్ బోర్డు ఫ్యూజు కూడా పీకి, రెంటినీ జేబులో వేసుకోబోయాను.

"నీ జేబుల కాదు" అన్నాడు బాపు. "సంధ్యకియ్యి."

"పని జేసేటోని దగ్గరనే ఉండాలె గద బాపు."

"పద్ధతి నడిపేటోనికి గా మాట. నువ్వు నడిపినవా?"

సంధ్య అరచెయ్యి చాపింది. రెండు ఫ్యూజులూ పెట్టాను. పిడికిలి మూసి, పోయి బోర్డుల ముందు నిలబడింది. నేను నిచ్చెన ఎక్కాను, నా వీపు వరండా వైపు. పైకెక్కాక చూస్తే లింగవ్వ గోడ మీంచి చూస్తోంది, ఆమె వెనుక ఇంకో నలుగురున్నారు. ప్రశాంత్ నిచ్చెన పట్టుకోలేదు. దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

డబ్బా మూత విప్పాను. వాన నీటి చెమ్మ ఉంది. టెస్టర్ పెట్టాను, వెలగలేదు. నా వైపు చివరకు పెట్టాను, వాడి వైపుకు పెట్టాను. వెలగలేదు. ఆ రోజు బాపుకు కూడా వెలగలేదు.

టైము సరిగ్గా తెలియదు, ఆరున్నర అయ్యే ఉంటుంది. నా ప్రాణం ఆ ఆడమనిషి పిడికిట్లో ఉంది. ఆమె చెయ్యి చాపి ఫ్యూజు గూట్లోకి నెడితే చాలు. ఆమెకు కారణం ఉంది. పందొమ్మిది రోజుల కారణం. తిరిగి చూడాలనిపించింది, చూడలేకపోయాను.

"సంధ్యా" అన్నాను, ముందుకే చూస్తూ. "రెండు నీ దగ్గర్నే ఉన్నయా?"

వరండాలో ఎవరూ కదలలేదు.

"ఉన్నయంటే నమ్ముతవా?" అంది.

నేను వైరు మీద చెయ్యి వేశాను.